కాగితం దూరేంత సందు

పొద్దున్న షాపు తలుపు తీయగానే నేను చేసే మొదటి పని జిగురు కాయడం. రాత్రంతా నీళ్లలో నాని ఉబ్బిన తేనెరంగు పలుకులను చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో దించి, మరగనివ్వకుండా సన్నని సెగ మీద ఉంచితే, కాసేపటికి వానలో తడిసిన తోలు చెప్పుల వాసన, దాని అడుగున ఎక్కడో మాడీ మాడని బెల్లం వాసన, గది మూలమూలకీ పాకుతుంది. గిటార్లు బాగుచేయించుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లలు "ఏంటక్కా ఈ కంపు" అని ముక్కు మూసుకుంటారు. నేను కిటికీ తెరవను. ఆ వాసన రాకుండా కిటికీలు బిగించుకున్న ఇంట్లో పెరిగాను నేను, బిగించుకున్నందుకు ఏమైందో కూడా చూశాను.

మాది వీణలు చేసే ఇల్లు. ఉత్తరాంధ్రలో ఒక చిన్న సంస్థానానికి మా ముత్తాత, ఆయన తండ్రి వీణలు చేసి ఇచ్చారు. ఇది గొప్పకి చెప్పడం కాదు, ఉన్నది చెబుతున్నాను. పాతికేళ్లు దాటిన పనసమాను ఒక్కటి తెచ్చి, కుండ, దండి, చివరన సింహం మొహం లాంటి యాళి తల, అన్నీ ఆ ఒక్క మానులోంచే తొలిచి తీసేవారు. ఏకాండి వీణ అంటారు దాన్ని. అతుకన్నది ఉండదు. అందుకే మా ఇంట్లో 'అతుకు' అన్నది తిట్టు. పెళ్లి సంబంధం నచ్చకపోయినా, కూర రుచి కుదరకపోయినా, "అతుకుల పని" అనేవారు. తోలు పనిపాకలోకి రాకూడదు. జంతువు చర్మంతో, గిట్టలతో కాచిన జిగురు ఊసే ఎత్తకూడదు. మాకు లక్క ఉంది, తేనెమైనం ఉంది, అవి చాలు. ఇల్లు జప్తు చేయడానికి వచ్చిన కోర్టు అమీను తోలు బెల్టు పెట్టుకున్నాడని మా తాత అతన్ని పాక బయటే నిలబెట్టాడట. అతను మారుమాట లేకుండా బెల్టు విప్పి గుమ్మం పక్కన పెట్టి, లోపలికి వచ్చి, ఉలులతో సహా అన్నీ పట్టుకుపోయాడట. ఈ కథ మా ఇంట్లో ఓటమిగా ఎవరూ చెప్పలేదు. అతను బెల్టు విప్పాడు కదా, అనేవారు.

అలా మిగిలినవి రెండు: తాత చేసిన ఆఖరి వీణ, మా నాన్న చేతులు. ఆ చేతులతో ఆయన మస్కట్ పక్కన బౌషర్‌లో ఒక వడ్రంగి వర్క్‌షాపులో తలుపులు చేయడానికి వెళ్లాడు. వీసా మీద 'వడ్రంగి' అని ఉండేది. ఆ కాగితం చూసినప్పుడల్లా నాన్న దవడ బిగుసుకునేది. వర్క్‌షాపు యజమాని అబూ సాలిం నాన్న పనితనం చూసి ఫోర్‌మన్‌ని చేశాడు, అమ్మకీ నాకూ వీసాలు కొట్టించాడు, షెడ్డు వెనక రెండు గదులు ఇచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మ వీణను దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు విమానంలో తెచ్చింది.

ఆ రెండు గదుల్లో ఒకదానికే ఏసీ ఉండేది, అందులో వీణ ఉండేది. ఏప్రిల్ దాటితే అక్కడి ఎండకి వీణ మెట్ల కింద మైనం మెత్తబడి, ఇత్తడి మెట్లు వాటంతటవే పక్కకి జరిగేవి. నిన్న 'రి' పలికిన చోట ఇవాళ పేరులేని స్వరమేదో పలికేది. అందుకని దానికి చల్లటి గది, మాకు ఫ్యాను గది. అమ్మ ఎవరైనా వస్తే, "తాతగారు లోపల పడుకున్నారండీ, సప్పుడు సెయ్యకండి" అనేది. నాన్నకి ఆ హాస్యం నచ్చేది కాదు. అమ్మ ఆపేది కాదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ షెడ్డు ముందు నాకు రంగులుగా గుర్తొస్తుంది. తెల్లవారుజామున ఎర్రమన్ను రంగు కొండలు, పది గంటలకల్లా వాటి మీద రంగంతా కొట్టుకుపోయి సున్నం గోడల్లా నిలబడేవి. షెడ్డు పక్కన దుమ్ము పట్టిన వేపచెట్టు, దాని పువ్వే మా ఉగాది పచ్చడికి. సహం ఊరి తోటల నుంచి పికప్‌లో వచ్చే పచ్చిమామిడికాయలు, వాటి పులుపు చూసి అమ్మ "ఏదేశమైతేనేటి, కాయ నిజాయితీగానే ఉంది" అనడం. జూన్‌లో గెలల కొద్దీ దిగే, సగం పచ్చీ సగం పండూ అయిన ఖర్జూరాలు, కొరికితే ఒక వైపు వగరు, ఒక వైపు పాకం. నేను రందాలోంచి రాలే చెక్కపొట్టును బొమ్మలకి జడలుగా వేసేదాన్ని, తీగలు బిగించే పాత బిరడలకి పేర్లు పెట్టి సంసారాలు నడిపేదాన్ని. మహర్నవమికి నాన్న పనిముట్లన్నీ వరసగా పెట్టి కుంకుమ బొట్లు పెట్టేవాడు. షెడ్డులో అందరి పనిముట్లకీ, రహమాన్ చాచా పనిముట్లకీ కూడా. చాచా జిగురు డబ్బా ఒక్కటే గోడ అవతల, వేపచెట్టు కింద, ఒంటరిగా ఉండేది.

రహమాన్ చాచాది హైదరాబాద్ పాతబస్తీ. షెడ్డులో పాలిష్ పని ఆయనది, కానీ అరబ్బుల వాయిద్యం ఔద్‌ను విప్పి కట్టడం కూడా తెలుసు. పలచటి చెక్కబద్దలు పదిహేనో ఇరవయ్యో పక్కపక్కనే అతికించి, కోసిన పుచ్చకాయలా పొట్ట తయారుచేస్తారు దానికి. "మొత్తం అతుకులే" అని నాన్న మొదటిసారి చూసి మొహం తిప్పుకున్నాడు. కానీ ఏడాది తిరిగేసరికి, నాన్న చేతి సంగతి తెలిసి, మనుషులు వాయిద్యాలు తేవడం మొదలుపెట్టారు: గోవా బ్యాండువాళ్ల గిటార్లు, బౌషర్‌లోనే ఉండే తెలుగు డాక్టరుగారి అమ్మాయి వీణ, మెడ విరిగిన మాండలిన్. తలుపులు చేసే షెడ్డులో ఒక మూల తీగల మూల అయింది. చాచా గోడ అవతల డబ్బాలో జిగురు కాస్తే అమ్మ కిటికీ వేసేది. తోలుతో చేసే ఆ జిగురును ఆయన సరేసు అనేవాడు. నాన్న మాత్రం సీసాల్లో వచ్చే తెల్ల జిగురు వాడేవాడు.

2007 జూన్‌లో వచ్చిన తుఫాను ఒమన్ తీరాన్ని ఊడ్చేసింది. మా షెడ్డులోకి వాదీ, అంటే కొండవాగు, నీళ్లు మోకాలి లోతు వచ్చాయి. నాన్న వీణను నెత్తిన పెట్టుకుని నిలబడటం గుర్తుంది. సూర్‌లో అబూ సాలిం తండ్రి ఇల్లు మునిగింది. ఆ ఇంట్లో గోడకి వేలాడిన ఔద్ ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో తేలింది.

మరుసటి ఏడాది ఉగాది వెళ్లిన వారానికి అబూ సాలిం దాన్ని గోనెగుడ్డలో తెచ్చి నాన్న బల్ల మీద పెట్టాడు. విప్పితే బద్దలన్నీ ఊడి, చేపముళ్ల కుప్పలా ఉంది. ఆయన తండ్రి ఒకప్పుడు పడవ నడిపిన మనిషి. అందరూ నాఖుదా అనే పిలిచేవారు. ఆ ఔద్ ఆయనతో పాటు జాంజిబార్‌కీ బొంబాయికీ తిరిగింది. ముసలాయనకి ఇక ఎక్కువ రోజులు లేవనీ, జూలైలో మనవడి పెళ్లికి దాన్ని ఒక్కసారి వాయిస్తానంటున్నాడనీ అబూ సాలిం హిందీలో చెప్పాడు. చెప్పి, షెడ్డు ముందున్న ఖాళీ గదిని చూపించాడు. ఇది బాగైతే ఆ గది తీగల వాయిద్యాల దుకాణం అవుతుంది, పైన బోర్డు మీద నాన్న పేరు ఉంటుంది. నాన్న తన పేరు కాదు, ఇంటిపేరు ఉండాలన్నాడు. అబూ సాలిం నవ్వి, అలాగే అన్నాడు.

వారంలో బోర్డు వచ్చింది. అరబిక్‌లో, ఇంగ్లీషులో మా ఇంటిపేరు. కింద ఒక జానెడు ఖాళీ వదలమని నాన్న ముందే చెప్పాడు. అందులో తెలుగులో తనే రాసుకున్నాడు, నేను రంగు గిన్నె పట్టుకుంటే. అమీను వచ్చిపోయాక ఆ పేరు ఏ గుమ్మం మీదా లేదు. బోర్డును గదిలో గోడకి ఆనించాం. ఔద్ సూర్‌లో ఇచ్చి తిరిగొచ్చాక ఎక్కించాలని.

బద్దలు అతికించే రోజు చాచా తన డబ్బా పట్టుకుని గోడ ఇవతలికి వచ్చాడు, మొదటిసారి.

"ఉస్తాద్, దీనికి మాత్రం సరేసే వెయ్యాలె. తెల్ల జిగురు ఈ ఎండకు ఊగుతది."

"నీ సరేసు యవ్వారం సూస్తన్నాం గదా భాయ్," అన్నాడు నాన్న, ఊడిన బద్దను ఎత్తి చూపిస్తూ. "నీళ్లు తగిల్తే కరిగిపోయింది. కరిగిపోయేది జిగురేటి?"

"కరగాలె ఉస్తాద్. కరిగితేనే మల్ల విప్పొచ్చు. బొంబాయిల ఎవడో ఇంతకు ముందు విప్పిండు, ఈడ గుర్తుంది చూడు. గందుకే ఇన్నేండ్లు బతికింది."

"మా చేతి పని మల్లా ఇప్పక్కర్లేదు."

చాచా వెనక్కి తగ్గలేదు. "ఆ గుర్రానికైనా ఎయ్యి, ఉస్తాద్. తీగెలన్నీ దాన్నే గుంజుతయ్," అన్నాడు. గుర్రం అంటే తీగల కింద ఉండే చిన్న చెక్క వంతెన. మా వీణకి తీగలు చివరికంటా పోయి అక్కడ కట్టుబడతాయి. గుర్రం మీద వాటి బరువు మోపుతుంది, అంతే. ఔద్‌కి తీగలు గుర్రానికే ముడిపడతాయి. పదకొండు తీగల లాగుడంతా ఆ వేలెడు చెక్క కింది జిగురు మీదే. ఈ తేడా నాన్నకి తెలియదని నేననను. తెలుసు. కానీ తరతరాలుగా జిగురును నమ్ముకోని ఇంట్లో పుట్టినవాడికి, అది ఎంత లాగుతుందో చేతికి తెలియదు.

"మనింట్లోకి తోలు రాదు," అన్నాడు నాన్న. అక్కడితో అయిపోయింది. చాచా గోడ అవతలికి వెళ్లిపోయాడు.

మే నెలాఖరుకి ఔద్ నిలబడింది. అంత అందమైన వస్తువును నేను మళ్లీ చూడలేదు. బద్దకీ బద్దకీ మధ్య వెంట్రుక పట్టదు. తీగలు ఎక్కించి, దాన్ని కూడా వీణ గదిలో చల్లగా ఉంచారు. నాన్న నాకు ఒక పరీక్ష నేర్పాడు: నోటుబుక్కు కాగితం చించి గుర్రం వెనక అంచు కింద దూర్చి చూడాలి, దూరకూడదు. "సూసావా, గాలి కూడా పోదు," అన్నాడు. నిజంగానే పోలేదు.

జూన్‌లో స్కూలు సెలవులు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షెడ్డు మూసేవారు. రంపాలు ఆగిపోయేవి, కాకులు కూడా ఎక్కడో దాక్కునేవి, రేకుల పైకప్పు ఎండకి టక్కుటక్కుమంటూ సాగేది. ఆ వారంలో కరెంటు రోజూ ఆ వేళకే పోయేది. వీణ గది కూడా మా గదిలాగే ఉడికేది. అమ్మానాన్నలు తడిగుడ్డలు కప్పుకుని నేల మీద పడుకుంటే, నేను తలుపు దగ్గర కూర్చుని గచ్చకాయలు ఆడుకునేదాన్ని. ఆదివారం నాడు లోపలి నుంచి ఒక చప్పుడు వినిపించింది. రేకుల చప్పుడు కాదు. ఎవరో చాలా మెల్లగా వేలు మెటిక విరిచినట్టు. వీణ మెట్లేవో జారాయనుకుని లోపలికి వెళ్లాను. వీణ బాగానే ఉంది. కాగితం తీసి ఔద్ గుర్రం కింద పెట్టాను. గోరంత దూరింది.

మంగళవారం మళ్లీ ఆ చప్పుడు. కాగితం మీద మొదటి గీత దాకా దూరింది.

అమ్మని లేపి చెప్పాను. అమ్మ కాగితం వంక కాకుండా నా వంక చూసింది. "మీ నాన్న పనిలో తప్పు అట్టుకున్నావేటే నువ్వు?" అంది. కోపంగా కాదు. భయంగా. తర్వాత, "నువ్వు సెప్పకు. ఆయనే సూసుకుంటారు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను చాచాకి చెప్పి ఉండవచ్చు. గోడ అవతలే ఉన్నాడు. శుక్రవారం ఔద్ సూర్‌కి పోతుంది, గురువారం సాయంత్రం దాకా నాకు వ్యవధి ఉంది. కానీ బయటివాడి ముందు, అదీ తోలు జిగురు కాచేవాడి ముందు, నాన్న పని ఊడుతోందని మా ఇంటి పిల్ల చెప్పడమా? పదేళ్లకే నా వెన్ను అంత బిగుసుకుపోయి ఉంది. కాగితాన్ని మడిచి నోట్లో వేసుకుని నమిలేశాను. దాని రుచి ఇప్పటికీ గుర్తుంది. సిరా, గోధుమపిండి కలిపినట్టు ఉంటుంది.

శుక్రవారం పొద్దున్నే అబూ సాలిం బండిలో బయలుదేరాం. నాన్న ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఔద్ పెట్టెను సూర్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు. కొండల మధ్య నుంచి దారి. ఒక్క మేఘం లేదు. సూర్ చేరేసరికి జుమ్మా నమాజు వేళ. అబూ సాలిం మసీదు ముందు ఎండలో బండి ఆపి, పెట్టె లోపలే ఉంచి, అద్దాలు ఎక్కించి తాళం వేసుకుని వెళ్లాడు. మేము ఎదురుగా టీ దుకాణంలో కూర్చున్నాం. గంటసేపు నేను ఆ బండి అద్దాల వంకే చూశాను. నాన్న కూడా అటే చూస్తున్నాడు. ఆయన టీ తాగలేదు. ఒకసారి లేచి బండి దగ్గరికి వెళ్లి, అద్దం మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమంటే తీసేసి తిరిగొచ్చాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

నాఖుదా గదిలో చుట్టూ పరుపులు, మధ్యలో హల్వా, కహ్వా కాఫీ, ఇరవై మంది మగవాళ్లు. ముసలాయన ఎండిన చింతబరికెలా ఉన్నాడు. ఔద్‌ను అందుకుని, ముందు వీపంతా అరచేత్తో తడిమాడు. బద్దల మధ్య అతుకు కోసం వేళ్లతో వెతికి, దొరక్క, నాన్న వంక చూసి తల ఊపాడు. మా నాన్న జీవితంలో ఆయన్ని అలా చూసినవాళ్లు అంతకు ముందు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఆ తర్వాత ఎవరూ లేరు.

ముసలాయన తీగలు బిగించి, ఈకముక్కతో మీటాడు. నాలుగు స్వరాలు. అయిదోది పట్టడానికి బిరడ ఒక్క వీసం తిప్పాడు.

ఆ చప్పుడు తుపాకీ పేలినట్టు ఉంటుందని నేను ఊహించుకుని ఉన్నాను. అలా లేదు. తడి చెక్క చీలినట్టు మెత్తగా వచ్చింది. గుర్రం లేచిపోయింది, దాంతో పాటు పైచెక్క కూడా ఒక పొరగా లేచింది. తీగలన్నీ ఒక్కసారి వదులై ముసలాయన చేతిమీద పడ్డాయి. బొటనవేలి మీంచి ఒక చుక్క నెత్తురు తెల్లటి దిష్‌దాషా అంగీ మీద పడి గుండ్రంగా పాకింది.

ఆయనకి కోపం రాలేదు. గుర్రాన్ని తీసి, దాని అడుగున గోటితో గీకాడు. ఎండిన తెల్ల జిగురు రబ్బరులా సాగింది. వాసన చూశాడు. బొంబాయి హిందీలో, చాలా మర్యాదగా, "ఉస్తాద్, యే ఖులేగా?" అని అడిగాడు. మళ్లీ విప్పుకుంటుందా, అని.

నాన్న అబద్ధం ఆడే మనిషి కాదు. "నహీ," అన్నాడు. "నహీ ఖులేగా."

బద్దలన్నీ ఆ తెల్ల జిగురుతోనే ఉన్నాయి మరి. విప్పబోతే చెక్కే చీలుతుంది తప్ప అతుకు ఊడదు. ముసలాయన తల ఊపి, ఔద్‌ను పక్కన పరుపు మీద, నిద్రపోయిన పిల్లను పెట్టినట్టు పెట్టి, నాకు హల్వా పెట్టమని సైగ చేశాడు. తిన్నాను. ఒక్క ముద్ద కూడా వదలకుండా తిన్నాను, నాన్న చూస్తున్నాడని. ఆయన మనవడి పెళ్లికి ఏమి వాయించారో మాకు తెలియదు. చలికాలం రాకముందే నాఖుదా పోయాడని విన్నాం.

అబూ సాలిం మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు పొద్దున్నకి బోర్డు మాత్రం గోడవైపు తిరిగి ఉంది. ఎవరు తిప్పారో నేను అడగలేదు. ఆ ఖాళీ గదికి తాళంచెవి ఒకటి నాన్న దగ్గర కూడా ఉండేది. ఆ నెలలోనే నాన్న, తనంతట తనే, మా ముగ్గురి వీసాలూ రద్దు చేయించమని అడిగాడు. "పొమ్మనే దాకా ఉండే వంశం కాదు మనది," అన్నాడు అమ్మతో. అమ్మ మొదటిసారి ఎదురు చెప్పింది: "వంశం కాదు, మీరు."

వెళ్లే రోజు చాచా నన్ను వేపచెట్టు కిందకి పిలిచి, ఉర్దూ పేపరులో కట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో గుప్పెడు సరేసు పలుకులు, ఎండకి పెడితే పటికబెల్లంలా మెరుస్తున్నాయి.

"మీ నాయిన తప్పు గాదు బిడ్డా," అన్నాడు. "మంచి చెయ్యి. మెడనే జర వంగదు."

నేను అప్పుడు చెప్పాను ఆయనకి, కాగితం సంగతి. "అరే," అన్నాడు చాచా, అంతే.

ఆ పొట్లాన్ని దాచడానికి నాకు తోచిన చోటు ఒకటే. వీణ దండి కింద ఆనించే సొరబుర్ర విడిగా ఊడివస్తుంది, లోపల డొల్ల. అందులో వేసి బిగించేశాను. అలా మా ఇంటి గడప తొక్కనివ్వని తోలు, మా తాత వీణలో కూర్చుని, నాన్న ఒళ్లోనే మాతో పాటు విమానం ఎక్కింది.

నాన్న మళ్లీ తీగ ముట్టుకోలేదు. తలుపులు చేశాడు, కిటికీలు చేశాడు, నడుం వంచకుండానే చేశాడు. ఆయన పోయిన నెలకి వీణ దించి సొరబుర్ర విప్పాను. పొట్లం ఉంది. కానీ ఉర్దూ పేపరు మీద ఇంకో చుట్టు ఉంది, నాన్న పాత పంచె ముక్కతో. దాని మీద ముడి, తీగ చివర మా ఇంట్లో మాత్రమే వేసే ముడి. ఎప్పుడు చూశాడో, ఎన్నేళ్లు ఊరుకున్నాడో తెలియదు. పారేయలేదు, తేమ తగలకుండా కట్టి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. దాన్ని నేను క్షమాపణ అనను. మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేదు.

బౌషర్‌లో ఆ షెడ్డు ఇప్పుడు లేదని, అక్కడ అద్దాల దుకాణాలు వచ్చాయని, వేపచెట్టు కూడా కొట్టేశారని, అక్కడే ఉన్న డాక్టరుగారి అమ్మాయి చెప్పింది. చాచా ఎక్కడున్నాడో ఆమెకీ తెలియదు. బోర్డు ఏమైందో నేనామెను అడగలేదు. నా షాపుకి బోర్డు లేదు; కావలసినవాళ్లు వాసన పట్టుకుని వస్తారు.

ఆ పలుకుల్లో కొన్ని ఇంకా మిగిల్చాను. తీగలు ఎక్కించిన ప్రతి వాయిద్యాన్నీ మూడు రోజులు నా దగ్గరే ఉంచుకుంటాను. రోజూ మధ్యాహ్నం, వీధి సద్దుమణిగాక, నోటుబుక్కు కాగితం చించి గుర్రం కింద పెట్టి చూస్తాను. దూరిందా, గట్టిగా పైకి చెప్తాను, "దూరింది" అని. గదిలో వినేవాళ్లెవరూ ఉండరు. అయినా చెప్తాను.